గంటతో పాటు చెప్పాల్సిన పేరు

పోయిన వారం మీరు నన్ను మా పడకగదిలో మోకాళ్ల మీద వదిలి వెళ్లారు. ముక్కు మీద మసి, కొత్త గౌను మీద మసి, చేతిలో ఒక ఇత్తడి బిళ్ల. గదిలో చలి కాచుకునే పొయ్యికి అడ్డంగా కొట్టిన చెక్క పలకను ఊడదీసి, లోపల పేరుకున్న మసి ఎత్తుతుంటే చేటలో టంగుమని పడిన బిళ్ల అది. ఏప్రన్‌తో రుద్దితే అంకె బయటపడింది. మూడు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నా పేరు మేసీ. మొన్న అక్టోబరు దాకా ఈ కిర్క్‌ఫాలన్ బడిలో చరిత్ర చెప్పేదాన్ని. ఇక్కడ పెళ్లయిన ఆడది పాఠాలు చెప్పకూడదు కాబట్టి, డూగల్ గోర్లీని కట్టుకున్న రోజునే బడి నన్ను వదులుకుంది. ఆరు వారాలైంది. నేను పెద్దగా బాధపడలేదని చెబితే మా కాలేజీ టీచర్లు ముఖం తిప్పుకుంటారేమో. కానీ పొద్దున్నే ఎదుట కూచుని గుడ్డు పెంకు పగలగొట్టే ముందు దానికి గుడ్‌మార్నింగ్ చెప్పే మనిషి మీకు దొరికితే అప్పుడు మాట్లాడదాం.

ఈ శనివారంతో ఊరికి పట్టణ హోదా వచ్చి మూడు వందల ఏళ్లు. ఆ సందర్భంగా ఊళ్లో జరిగిన అగ్నిప్రమాదాలు, ఆపదలు అన్నీ ఒక చిన్న పుస్తకంగా రాయమని పురసభ నాకు అప్పగించింది. ఆనందంగా ఒప్పుకున్నాను. 1811లో పడవ బోల్తా. 1856లో మిల్లు బాయిలర్ పేలుడు. 1867లో గడ్డకట్టిన చెరువు మీద రాళ్లు దొర్లించే ఆట ఆడుతూ పన్నెండుమంది మంచు పగిలి నీళ్లలో పడ్డారు. అందరూ బతికారు, కానీ ఆట ఎవరు గెలిచారో తేలలేదని రెండు జట్లూ పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. అది రాస్తున్నప్పుడు నేను పడీ పడీ నవ్వాను.

1879 నవంబరు దగ్గరకు వచ్చేసరికి నవ్వు ఆగింది. నేతగాళ్ల సందు తగలబడి ఏడుగురు చనిపోయారు. మేం కాపురముంటున్నది ఆ సందు మొదట్లో, మంటకు మిగిలిన ఒకే ఒక్క ఇంట్లో. మా గోడకు ఆనుకుని తరువాత ఒక ఇల్లు కట్టారు. అందులో ఇప్పుడు టులక్ దంపతులూ, పుట్టి పదకొండు రోజులైన వాళ్ల పాపాయీ ఉన్నారు. ఆ పిల్ల ఏడుపు గోడలోంచి వినబడితే నాలుగు కావొచ్చిందని మేం టీకి నీళ్లు పెడతాం. మిగతా సందంతా ఖాళీ పచ్చిక. దాని మధ్యలో శనివారం ముసుగు తీయబోయే రాయి నిలబెట్టారు. ఏడు పేర్లూ చెక్కడం అయిపోయింది. ఆఖరి వరుస ఖాళీ. అక్కడ కారణం చెక్కాలి. పాత విచారణ పత్రంలో ఉన్న కారణం ఇది: దీపాలవాడు టామస్ లెకీ అజాగ్రత్త. ఆ సాయంత్రం వీధి దీపాలు వెలిగించాల్సిన మనిషి నిచ్చెన వేసుకుని ఆ సందులో ఏదో పైకప్పు మీద ఉండగా జనం చూశారు. అక్కడేం చేస్తున్నావని అడిగితే జవాబు చెప్పలేదు.

వేరే రుజువేదైనా దొరికితే తప్ప అదే వాక్యం చెక్కుతామని పురసభ తీర్మానం. శిల్పికి నేను రేపు పొద్దున్న ఎనిమిదింటికి వాక్యం అందించాలి.

టామస్ లెకీ కూతురు రోబీనాకి ఇప్పుడు అరవై రెండేళ్లు. ఊరి బట్టలు ఉతికి, ఆ ఖాళీ పచ్చికలోనే తాళ్లు కట్టి ఆరేస్తుంది. రెండు వారాల కిందట నా దగ్గరకొచ్చి తడిచేతులు తుడుచుకుంటూ ఒకటే మాట అంది. "మా నాన్న పేరు రాయొద్దని అడగనమ్మా. నిజమైతే రాయి. నిజమో కాదో చూసి రాయి."

ఊరి దీపాలవాళ్లు ముగ్గురూ టోపీకి పెట్టుకునే బిళ్లల జాబితా కూడా నా దగ్గరుంది. మూడో నెంబరు టామస్ లెకీది. అది మా పొగగొట్టంలోంచి పడింది. అక్కడ ఆగాం మనం.

*

ఆగి నేను చేసిన పని వింటే మీరు తిడతారు. పొయ్యి వెలిగించాను.

ఎందుకంటే ఆ రోజు డూగల్ పుట్టినరోజు. పొద్దుటి నుంచి గుడ్డలో కట్టి ఉడికించిన కిస్మిస్ ముద్ద సిద్ధంగా ఉంది. దాన్ని మూట విప్పి మంట ముందు పెడితే పైన సన్నటి తోలు కడుతుంది. ఆ తోలంటే మా ఆయనకు ప్రాణం. కింద వంటింటి పొయ్యి ముందు కాకుండా మా గదిలో, మా పొయ్యి ముందు, మేమిద్దరమే కూచుని ఆ తోలు పంచుకోవాలని వారం నుంచి కలలు కంటున్నాను. ఆ పలక ఊడదీసిందే అందుకు. బిళ్లను జేబులో వేసుకున్నాను, ముందు ముద్ద సంగతి చూద్దామనుకున్నాను. సంతోషంగా ఉన్నప్పుడు మనిషికి చెవులు సరిగ్గా పని చేయవు.

కాగితాలు, పుల్లలు, నాలుగు బొగ్గులు. మంట చక్కగా అందుకుంది. ముద్దను పళ్లెంలో పెట్టి ముందుకు జరిపాను. అప్పుడే మెట్లు కిర్రుమన్నాయి.

డూగల్ నాయనమ్మ యూఫీమియాకి డెబ్బై నాలుగేళ్లు. తల్లి లేని మనవణ్ని ఆవిడే పెంచింది. మోకాళ్ల నొప్పుల వల్ల మేడ మీదకి రాక మూడేళ్లయిందని చెబుతారు. ఆవిడకు ఒక అలవాటుంది. రోజూ పొద్దు వాలే వేళ, వీధిలో మొదటి దీపం వెలిగేటప్పుడు, లేచి వెళ్లి టులక్ వాళ్ల వైపు గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడుతుంది. చేతులు చల్లబడి అలా చేస్తుందేమో అనుకునేదాన్ని. ఒకసారి ఉన్ని చేతొడుగులు కూడా అల్లి ఇచ్చాను. ఆవిడ వాటిని చూసి "మంచి పిల్లవే" అని పక్కన పెట్టింది.

ఇప్పుడు ఆవిడ గుమ్మంలో రొప్పుతూ నిలబడి ఉంది. చూపు నా మీద లేదు, పొయ్యి మీద ఉంది.

"ఆ పలక ఎవరు తీశారు?"

"నేనే, నాయనమ్మగారూ. డూగల్ పుట్టినరోజు కదా, ముద్దకి తోలు కట్టిద్దామని..."

"చదువుకున్నదానివి. మూసిన పొయ్యి మూసి ఉంచడానికే మూశారని ఆ మాత్రం తెలియదా?"

"ఎందుకు మూశారని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. గాలి కొడుతుందన్నారు."

"గాలే కొడుతుంది" అని ఆవిడ మంచం అంచు మీద కూలబడింది. "ఆర్పు."

ఆర్పాల్సింది. ఆ మాట వినగానే ఆర్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ నా జేబులో బిళ్ల ఉంది, రేపు ఎనిమిదింటికి శిల్పి ఉన్నాడు. నేను బిళ్ల తీసి అరచేతిలో పెట్టి ఆవిడ ముందు చాపాను.

"ఇది పొగగొట్టంలోంచి పడింది. టామస్ లెకీ మన పైకప్పు మీద ఏం చేస్తున్నాడు?"

ఆవిడ ఆ బిళ్లను ముట్టుకోలేదు. వంగి అంకె చూసింది. తరవాత నవ్వింది.

"ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నాడన్నమాట" అంది. "నేను ఊరంతా వెతుక్కున్నా."

"నాయనమ్మగారూ."

"కూచో పిల్లా. నిలబడి వినే కథ కాదు." గొంతు మామూలుగానే ఉంది, పాలవాడి గురించి చెబుతున్నట్టు. "నాకు పెళ్లయి అప్పటికి పంతొమ్మిది రోజులు. నీకంటే కొత్తదాన్ని. చలి ముదరక ముందే పొగగొట్టం ఊడ్పించమని మా అత్త చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఊరుకుంది. నేను ఊడ్పించలేదు. మరిచిపోయానని చెప్పేదాన్ని. మరుపు కాదు. మా ఆయన వచ్చే వేళకి కిటికీలో కూచునేదాన్ని, ఇంటిపనంతా ఆ కిటికీలోంచే బయటికి పోయింది. నీకు తెలియందేముందిలే."

నాకు తెలుసు. మొన్న మంగళవారం నేను మాడ్చిన కూర కిటికీ పనే.

"ఆ సాయంత్రం పొగగొట్టంలో చప్పుడు మొదలైంది. లోపల రైలు పోతున్నట్టు. మసి అంటుకుంది. గంట కొట్టించాలి. గంట రివాజు నీకు తెలుసుగా?"

ఊళ్లో ఎవరికి తెలియదు? చర్చి గోపురం కింద బయటికి వేలాడే తాడు ఎవరైనా లాగొచ్చు. కానీ లాగినవాళ్లు ఏ ఇల్లో పేరు పెట్టి అరిచి చెప్పాలి. పొగగొట్టం అంటుకుంటే అది ఇల్లాలి తప్పు. సోమవారం పురసభ న్యాయస్థానంలో ఆ ఇల్లాలి పేరు పైకి చదువుతారు, శుక్రవారం పేపర్లో వేస్తారు. మసి మేరీ అని ఎప్పుడో ఒకావిడ ఉండేదట. ఆవిడ మునిమనవరాలు నా దగ్గరే చదువుకుంది. ఆ పిల్లను కూడా బడిలో మసిపిల్ల అనే పిలిచేవారు.

"పంతొమ్మిది రోజుల పెళ్లికూతుర్ని మసి యూఫీ అంటారు. చచ్చినా అదే అంటారు" అంది ఆవిడ. "కిటికీ తీశా. కింద టామస్ లెకీ మా ముందు దీపం వెలిగిస్తున్నాడు. తలెత్తి నిప్పురవ్వలు చూశాడు. గంట వైపు తిరిగాడు. పిలిచే టైము కూడా లేదు. నేను ఇలా చేశా."

ముడతలు పడిన చూపుడువేలు ఎత్తి పెదాల మీద పెట్టుకుంది.

"అతను ఆగాడు. నవ్వాడు. 'రెండు నిమిషాల పని, ఎవరికీ తెలియక్కర్లేదు' అన్నాడు. అతనికీ ఇంట్లో చిన్నపిల్ల ఉంది, భార్య ఉంది, ఆడవాళ్ల భయాలు తెలిసినవాడు. నిచ్చెన వేశాడు. నేను గోనెసంచి తడిపి కిటికీలోంచి అందించా. పైకెక్కి గొట్టం మూతి మూసేశాడు. వంగినప్పుడే పడి ఉంటుంది అది, టోపీలోంచి." బిళ్ల వైపు చూపింది. "చప్పుడు ఠక్కున ఆగిపోయింది. నేను ఏప్రన్ సర్దుకుని కిందకెళ్లి బంగాళాదుంపలు తరగడానికి కూచున్నా. పాట కూడా పాడుకున్నా."

"మరి మంట?"

"మంటకి పైకి దారి మూసేశాం. అది పక్కకి చూసుకుంది. గొట్టానికీ పక్కింటికీ మధ్య గోడలో పగులుంది, మాకు తెలియదు. అవతల అటక నిండా నార కట్టలు. అటక మీద ముసలి నేతగాడు, ఇద్దరు మనవలు. అక్కణ్నుంచి గడ్డికప్పులు, ఒకదాని వెంట ఒకటి. నేను మధ్యలో లేచి గోడ మీద చెయ్యి పెట్టి చూశా పిల్లా. వెచ్చగా ఉంది. చలికాలం కదా, హాయిగానే ఉందిలే అనుకున్నా."

కిటికీ బయట వెలుగు తగ్గుతోంది. పచ్చికలో రోబీనా తాళ్ల మీది దుప్పట్లు తీసి మడతపెట్టుకుంటోంది. తెల్లటి దుప్పట్ల మధ్య ఆ రాయి నిలబడి ఉంది.

"విచారణలో అడిగారు. పైకప్పు మీద ఏం చేస్తున్నావని. అతను జనంలో నన్ను వెతుక్కున్నాడు. చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు. తలూపినా చాలు. నా చెయ్యి ఒళ్లోనే ఉంది, కానీ ఆ వేలు నేను పెదాల మీంచి తీయలేదనే లెక్క. అతను తల దించుకుని, చెప్పడానికేమీ లేదన్నాడు. పని తీసేశారు. చర్చిలో అతను కూచున్న బల్ల మీద ఇంకెవరూ కూచోలేదు. రాతి క్వారీలో పనికి కుదిరాడు. మూడు నెలలకి బండ దొర్లింది. పక్కకి జరగమని పైనుంచి అరిచారట. అతను జరగలేదంటారు."

"ఎందుకు చెప్పలేదు అతను?"

"నన్నడుగుతావేం? యాభై ఐదేళ్లుగా నేనే అతన్ని అడుగుతున్నా. పెళ్లికూతుర్ని ఊరి నోట్లో వేయలేకపోయాడో, మూత మూసింది తన చెయ్యే కదా అనుకున్నాడో. రోజూ దీపాల వేళకి వస్తాడు. కిటికీ కింద ఆగుతాడు. తలెత్తి చూస్తాడు. నేను గోడ ముట్టుకుని, చల్లగానే ఉంది టామస్, అని చెబుతా. వెళ్లిపోతాడు."

ఆవిడ అది భయపెట్టడానికి అనలేదు. అందుకే భయమేసింది.

"రేపు శిల్పికి వాక్యం ఇవ్వాలి" అన్నాను.

"పెన్ను నీది. నా ఇంటిపేరు నా మొగుడిదీ, డూగల్‌దీ. ఇప్పుడు నీదీ. గోర్లీ అని చెక్కితే నలుగురికీ తగులుతుంది. లెకీ అని చెక్కితే చచ్చినవాడికీ, బట్టలు ఉతుక్కునే ఆవిడకీ తగులుతుంది. వాళ్లకి అలవాటే." ఆగింది. "ఇన్నేళ్లూ నేనూ ఇలాగే లెక్క వేశా. చూస్తున్నావుగా ఎలా ఉన్నానో."

నేనేదో అనబోయాను. అప్పుడు పొగగొట్టంలో చప్పుడు మొదలైంది.

మొదట కాకులు రెక్కలు కొట్టుకున్నట్టు. తరవాత గొంతు సవరించుకున్నట్టు. తరవాత, ఆవిడ చెప్పినట్టే, లోపల రైలు పోతున్నట్టు. పైన ఎక్కడో యాభై ఐదేళ్ల కాకిగూళ్లూ మసీ అంటుకున్నాయి. టీకని తెచ్చి పెట్టుకున్న కెటిల్లో నీళ్లు పొయ్యిలో కుమ్మరించాను. కింద మంట బుస్సుమని ఆరింది. ముద్ద బూడిదలో దొర్లింది. పైన చప్పుడు ఆగలేదు.

వీధి తలుపు దభీమని తెరుచుకుంది. డూగల్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. పైకప్పులకు పలకరాళ్లు వేసే మనిషి, నిచ్చెన ఇంకా భుజం మీదే ఉంది.

"మేసీ, ఏం వండుతున్నావే, ఊరినా?" అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు తగ్గించాడు. "కాకిగూడే కదా. ఒక గోనెసంచి తడిపివ్వు. రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియక్కర్లేదు."

నాయనమ్మ లేచి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది.

"ఎక్కొద్దు. గంట కొట్టించు."

"నీకేమైనా పిచ్చా? గంట కొడితే సోమవారం నీ పేరు చదువుతారు. ఇల్లు నీ పేరు మీదుంది. ఈ వయసులో నిన్ను మసి యూఫీ అనిపించనా?"

"అనిపించు."

"సరే, సరేలే, నువ్వు కూచో ముందు" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

కింద ఎవరో తలుపు కొట్టారు. ఆగకుండా కొడుతున్నారు. నాయనమ్మ నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. మూడేళ్లుగా ఎక్కని మెట్లు ఆ గంటలోనే ఎక్కింది, ఇప్పుడు దిగుతోంది. ఒక్కో మెట్టుకీ మోకాళ్లు చప్పుడు చేస్తున్నాయి.

తలుపు తీస్తే రోబీనా. చంకలో మడతపెట్టిన దుప్పట్లు. చూపు మా పైకప్పు మీద.

"యూఫీమియమ్మా, మీ గొట్టం" అంది. "రవ్వలు టులక్ వాళ్ల కప్పు మీద పడుతున్నాయి. మగవాళ్లెవరూ లేరా, గంట కొట్టడానికి?"

"నువ్వు కొట్టు."

రోబీనా ఒకడుగు వెనక్కి వేసింది. లెకీలు ఆ తాడు ముట్టకూడదని ఊళ్లో ఎవరూ అనలేదు. కానీ ఇన్నేళ్లలో ఏ లెకీ ముట్టలేదు.

"నేనా? నేను లాగితే జనం ఏమంటారో తెలుసుగా. లెకీ దగ్గరుంటే నిప్పు దానంతటదే వస్తుందంటారు. ఇంకెవర్నైనా..."

"నువ్వే లాగాలి, రోబీనా."

పైన రైలు పోతూనే ఉంది. రోబీనా దుప్పట్లు గుమ్మంలో పెట్టింది, తడిచేతులు తుడుచుకుంది. రివాజు ప్రకారం అడగాల్సిన మాట అడిగింది. "ఎవరి ఇల్లని చెప్పను?"

నాయనమ్మ చెయ్యి లేచింది. వేలు పెదాల దాకా వెళ్లింది. ఆ వేలు అక్కడ ఒక క్షణం ఆగింది. తరవాత మెల్లగా కిందకి దిగింది.

"యూఫీమియా గోర్లీ ఇల్లని చెప్పు. గట్టిగా చెప్పు. ఈసారి అంటుకున్నదీ, మీ నాన్న ఎక్కినప్పుడు అంటుకున్నదీ, రెండూ ఆవిడ గొట్టమే అని చెప్పు."

రోబీనాకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నేను పిడికిలి విప్పి బిళ్ల చూపించాను. ఆవిడ దాన్ని తీసుకుంది, అంకె మీద బొటనవేలు ఆనించింది. మా ఇద్దరి ముఖాల్లోకీ చూసింది. గౌను ఎత్తి పట్టుకుని, అరవై రెండేళ్ల మనిషి, గోపురం వైపు పరుగెత్తింది.

వీధిలో మొదటి దీపం వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను. ఇక దాచేదేమీ లేదు. రేపు ఎనిమిదింటికి శిల్పికి ఏం చెప్పాలో కూడా తెలిసింది. వెనక్కి తిరిగి డూగల్‌ని పిలిచాను.

జవాబు రాలేదు. మెట్ల మీద నీళ్ల చుక్కలు, ఎవరో తడిగోనె మోసుకెళ్లినట్టు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

అప్పుడే పొగగొట్టంలో చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

నాయనమ్మ నావైపు చూసింది. ఇద్దరం ఒకేసారి టులక్ వాళ్ల వైపు గోడ మీద అరచేతులు ఆనించాం. అవతల పాపాయి ఏడుపు మొదలుపెట్టింది. నాలుగు కావొచ్చినట్టుంది.

గోడ వెచ్చగా ఉంది.